రెండో తాబేలు

ఆ మనిషికి తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది గానీ, దాన్ని ఆఫీసు రిజిస్టర్లో తప్ప ఎక్కడా వాడిన దాఖలాలు లేవు. కార్డులాట ఆడేవాళ్ళందరికీ ఆయన ఆగు మావయ్య. ఎదుటివాడు ఎంతో ముచ్చటపడి ఒక కార్డు బల్ల మీద పెట్టబోతాడు. ఈయన కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని, "ఆగు నాయనా" అని ఒక రద్దు కార్డు తీసి పక్కన పెడతాడు. ఎదుటివాడి కార్డు చెత్తకుప్పలోకి పోతుంది. మళ్ళీ వాడి వంతు వస్తుంది, మళ్ళీ "ఆగు నాయనా". ముప్పావుగంట ఇలా సాగేసరికి వాడికి ఆట మీదే కాదు, బతుకు మీద కూడా విరక్తి పుడుతుంది. అప్పుడు ఈయన తీరిగ్గా గెలుస్తాడు.

ఇది పేకాట కాదని ముందే చెప్పాలి, లేకపోతే ఆయన భార్య నొచ్చుకుంటుంది. ఇవి బొమ్మల కార్డులు. ఒక్కోదానికి ఒక్కో శక్తి. కొనుక్కుని, మార్చుకుని, దాచుకుని, వాటిలోంచి అరవై ఏరి ఎవరి డెక్కు వాళ్ళు కట్టుకుంటారు. చెరో ఇరవై ప్రాణాలతో మొదలెడతారు, ప్రాణాలు ముందు ఎవరివి అయిపోతే వాళ్ళు ఓడినట్టు. కొందరు మొదటి నిమిషం నుంచే సైన్యాన్ని దింపి మీద పడిపోతారు. ఆగు మావయ్యలాంటి వాళ్ళు మాత్రం ఎదుటివాడిని ఏమీ చేయనివ్వకుండా కట్టి కూర్చోబెట్టి, వాడి దగ్గర ఏమీ మిగలనప్పుడు నెమ్మదిగా పని కానిస్తారు. దీన్ని కంట్రోల్ డెక్కు అంటారు. దీంతో ఆడేవాళ్ళకి ఓపిక ఎక్కువ, స్నేహితులు తక్కువ.

ఉద్యోగానికొస్తే లిఫ్టు మెకానిక్కు. నలభై ఆరేళ్ళ వయసులో ఇరవై నాలుగేళ్ళు లిఫ్టు గోతుల్లోనే గడిచిపోయాయి. ఆయన దగ్గర రెండు ఫోన్లుంటాయి. ఒకటి సొంతానిది, ఒకటి కంపెనీది. కంపెనీ ఫోను మోగిందంటే ఎక్కడో ఎవరో ఇరుక్కున్నారన్నమాట. అప్పుడు ఆయన చెప్పే మాట ఒక్కటే. "ఆగండి, తలుపు లాగకండి. ఐదు నిమిషాల్లో వస్తున్నా." ఊరికి ఆ చివర ఉన్నా ఐదు నిమిషాలే, స్నానం చేస్తూ ఉన్నా ఐదు నిమిషాలే. లోపలున్నవాళ్ళకి నిజం చెబితే కంగారుపడి తలుపు పీక్కుని కాలు బయట పెడతారని ఆయన భయం.

ఆ భయం ఊరికే పుట్టలేదు. ఆయన అన్నయ్యది కూడా అదే కంపెనీ, అదే పని. పందొమ్మిదేళ్ళ కిందట ఒక భవనం నాలుగో అంతస్తులో అన్నయ్య, "తలుపు చూశావురా?" అని అడిగాడు. "చూశా" అన్నాడు ఈయన. అబద్ధమేమీ కాదు, నిజంగానే చూశాడు, ఒకసారి. గొళ్ళెం పడినట్టే పడి జారిపోయి ఉంది. అన్నయ్య సంచి భుజాన సర్దుకుంటూ తలుపుకి ఆనుకున్నాడు, తలుపు తెరుచుకుంది, దాని వెనక లిఫ్టు లేదు. ఆ రోజు నుంచి ఈయన ఏ తలుపునైనా మూడుసార్లు చూస్తాడు. ఇంట్లో గ్యాసు బండ దగ్గరా అంతే, బీరువా దగ్గరా అంతే. భార్య కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసే పని చేస్తుంది, కాబట్టి ఆవిడకి ఓపిక ఉంది. కూతురికి మాత్రం ఆ ఓపిక ఎక్కణ్ణించి రావాలి?

ఒక్కతే కూతురు. దానికి పదిహేడు నిండాయి. రెండో అంతస్తు వాటాలో బాల్కనీకి ఇనప చువ్వలు, చువ్వల మీద మళ్ళీ జాలీ. సైకిలు పద్నాలుగో ఏట వచ్చింది, అదీ వెనక నాన్న పరుగెత్తుతూ ఉంటేనే. ఈత వద్దు. జలపాతం దగ్గరికి బడి పిల్లలతో ప్రయాణం వద్దు. మేడ మీద గాలిపటం సంగతి చెప్పనే అక్కర్లేదు. కార్డులకి మాత్రం ఆయన అడ్డు చెప్పలేదు. కార్డుల మీద నుంచి ఎవరూ కింద పడరు కదా! దాని ఏడో ఏట తనే కూర్చోబెట్టి నేర్పించాడు. అది నేర్చుకుని ఎర్రచీమల డెక్కు కట్టుకుంది. చిన్న చిన్న చీమలు, మందలు మందలుగా వచ్చి మీద పడతాయి. "ఓపిక లేని ఆట అది" అని ఆయన పెదవి విరిచేవాడు.

తొమ్మిదో ఏట ఆ పిల్ల సొంత భవనం లిఫ్టులోనే ఒంటరిగా ఇరుక్కుంది. ఆయన అప్పుడు ఊరవతల పనిలో ఉన్నాడు. లిఫ్టులో ఉన్న ఫోను నుంచి అది మాట్లాడితే అలవాటు కొద్దీ, "ఐదు నిమిషాలమ్మడూ, తలుపు లాగకు" అన్నాడు. నలభై నిమిషాలు పట్టింది. తలుపు తీసేసరికి ఏడుపూ లేదు, పెడబొబ్బలూ లేవు. నేల మీద బాసింపట్టు వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. "మీటల పలకకి పద్దెనిమిది స్క్రూలుండాలి నాన్నా, పదిహేడే ఉన్నాయి" అంది. తరవాత అన్నం తింటూ అడిగింది, "నాన్నా, నీ ఐదు నిమిషాలంటే ఎంతసేపు?" అని. ఆయన దాని కంచంలో ఇంకో గరిటె కూర వేశాడు.

ఇప్పుడా పిల్ల ఒక ఫారం తెచ్చింది. గాలిమరలు బాగుచేసే మెకానిక్కుల శిక్షణ. కొండ మీద బడి, రెండేళ్ళ చదువు, రైల్లో ఒక రాత్రీ ఒక పూటా ప్రయాణం. పద్దెనిమిది నిండలేదు కాబట్టి తండ్రి సంతకం కావాలి. గడువు సోమవారం. ఫారం వెనక అచ్చువేసిన ఫొటోలో తెల్లటి స్తంభం చివర, ఆకాశంలో, నడుముకి తాడు కట్టుకుని ఒక మనిషి నవ్వుతూ ఉన్నాడు. ఆయన ఆ నవ్వు చూడలేదు, తాడు ముడి చూశాడు. మూడుసార్లు చూశాడు.

"వద్దు" అన్నాడు.

"ఎందుకొద్దు?"

"వద్దంటే వద్దే. కింద చేసుకునే పనులు లేవా ప్రపంచంలో?"

"నువ్వు మాత్రం కింద చేస్తున్నావా నాన్నా?"

పది రోజులు ఇంట్లో మాటలు లేవు. పదకొండో రోజు కూతురు మళ్ళీ ఫారం పట్టుకుని ఎదురుగా నిలబడేసరికి ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కింది. "నీ చీమలతో ఆదివారం టోర్నమెంటులో చివరి ఎనిమిది మందిలోకి రా. అప్పుడు పెడతా సంతకం. చాలా?" అన్నాడు. పదకొండేళ్ళుగా ఆడుతున్న తనే ఒక్కసారీ ఆ ఎనిమిదిలోకి రాలేదు. ఇది వస్తుందా, చస్తుందా అన్న ధీమా. పిల్ల ఫారాన్ని మళ్ళీ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంది. "మాట మాటేగా?" అంది. "మాటే" అన్నాడు. నోరు జారాక చేసేదేముంది?

శనివారం సాయంత్రం భోజనాల బల్ల మీద డెక్కు పరుచుకుని కూర్చున్నాడు. ఆయన ఆటకి ప్రాణం ఇనుప తలుపు అనే కార్డు. అది బల్ల మీద ఉన్నంతసేపు ఎవరి సైన్యమూ దాడి చేయలేదు. ఊరికే కాదు, పెట్టుకున్నవాడు వంతు వంతుకీ తన డెక్కులోంచి ఒకటికి బదులు రెండు కార్డులు తీయాలి. ఆ తలుపు చాటున ముసలి తాబేలు కార్డు పెడతాడు. తాబేలు దాడి చేయదు, కూర్చున్న చోటు నుంచే వంతుకి రెండు ప్రాణాలు తినేస్తుంది. ఆయన గెలిచేది దానితోనే. డెక్కులో రెండు తాబేళ్ళు ఉండేవి. ఆ సాయంత్రం ఒకదాన్ని తీసేసి, ఆ ఖాళీలో ఇంకో రద్దు కార్డు పెట్టాడు.

భార్య కూరగాయలు సర్దుతూ చూసింది. "నిన్నటిదాకా రెండుండాలన్నారుగా?"

"ఒకటి చాల్లే. ఆపడం ముఖ్యం."

"ఆపడం సరే. మరి గెలవడమో?"

"ఆపితే అదే గెలుపు. నీకు తెలీదు."

నిజంగానే ఆవిడకి కార్డులాట తెలియదు. తీసేసిన తాబేలు కార్డు గాలికి ఎగిరిపోకుండా దాని మీద ఉప్పు డబ్బా పెట్టి వెళ్ళిపోయింది. కంట్రోల్ డెక్కు ఆడేవాళ్ళు చేసే తప్పు ఇదొక్కటే. భయం వేసినప్పుడల్లా గెలిపించే కార్డు ఒకటి తీసి, ఆపే కార్డు ఒకటి పెడతారు. అది తప్పని ఓడేదాకా తెలియదు.

ఆదివారం పొద్దున తండ్రీ కూతుళ్ళు కలిసే బయల్దేరారు. హాలు ఒక షాపుల భవనం నాలుగో అంతస్తులో ఉంది. కూతురు లిఫ్టెక్కింది. ఆయన తనకి తెలియని లిఫ్టు ఎక్కడు, కాబట్టి మెట్లెక్కి రొప్పుతూ పైకి చేరాడు. కిటికీలు లేని పొడుగాటి హాలు, ట్యూబులైట్లు, నీలం గుడ్డలు కప్పిన బల్లలు, బల్లకో అంకె, గోడ మీద పెద్ద గడియారం. ఒక్కో పోటీకి యాభై నిమిషాలు. మూడాటల్లో రెండు గెలిస్తే పోటీ గెలిచినట్టు. గడియారం సున్నాకొచ్చేసరికి తేలకపోతే డ్రా.

మధ్యాహ్నానికి ఆయన ధీమా సగం కరిగిపోయింది. ఎందుకంటే ఆ ఓపిక లేని పిల్ల గెలుస్తూ పోతోంది. తన ఆట మధ్యలో మెడ సాచి దాని బల్ల వైపు చూడటం, ఇవతల ఎదుటివాడు, "మావయ్యా, మీ వంతు" అనడం, ఆయన ఉలిక్కిపడటం. ఆ పిల్ల గెలిచినప్పుడల్లా గుండె గర్వంతో పొంగేది, ఆ వెంటనే ఆ స్తంభం గుర్తొచ్చేది. గెలవాలని కోరుకోవాలో ఓడాలని కోరుకోవాలో తెలియక ఆయన నీళ్ళే తాగుతూ కూర్చున్నాడు.

ఆ ఎనిమిది మందిని తేల్చే ఆఖరి పోటీకి ఎవరితో ఎవరో రాసిన కాగితం గోడకి అతికించారు. పిల్ల గోడ దగ్గర్నుంచి నడిచొచ్చింది.

"పదకొండో బల్ల నాన్నా. నువ్వూ నేనూ."

ఆయన నమ్మక వెళ్ళి చూసొచ్చాడు. మూడుసార్లు చూశాడు. లెక్క చిన్నపిల్లాడికైనా అర్థమయ్యేలా ఉంది. పిల్ల గెలిస్తే పిల్ల చివరి ఎనిమిదిలోకి వెళ్తుంది, ఆయన ఇంటికి. ఆయన గెలిస్తే ఆయన లోపల, పిల్ల బయట. డ్రా అయినా ఆయనకి ఒక పాయింటు ఎక్కువుంది కాబట్టి ఆయనే లోపల, పిల్ల బయట.

బల్ల ముందు కూర్చుంటూ పిల్ల గొంతు తగ్గించి చెప్పింది. "ఒక్క మాట. నువ్వు కావాలని వదిలేశావో, నేనూ చేతులెత్తేస్తా. ఇద్దరం కలిసి ఇంటికి పోదాం. జాలిపడి పెట్టే సంతకం నాకక్కర్లేదు."

"నీకెవడే వదిలేసేది?" అన్నాడాయన. మాట బింకంగానే వచ్చింది. కార్డులు మాత్రం మూడుసార్లు కలిపాడు.

మొదటి ఆట ఆయనది. ఇరవై నిమిషాలు పట్టింది. చీమలు రావడం, ఆయన ఆపడం, మిగిలినవాటి మీద వరద కార్డు వేసి బల్లంతా తుడిచేయడం, తాబేలు కూర్చుని తినడం, అంతా మామూలే. రెండో ఆట పిల్లది. తొమ్మిది నిమిషాల్లో ఆయన్ని ఊపిరి తీసుకోనివ్వకుండా కుట్టి చంపింది. గడియారంలో ఇరవై ఒక్క నిమిషాలున్నాయి. ఇక మూడో ఆటతో తాడోపేడో.

రెండో వంతులోనే పిల్ల ఒక వింత పని చేసింది. దొంగచెయ్యి అనే కార్డు వేసింది. అది వేస్తే ఎదుటివాళ్ళ చేతిలో ఉన్నవన్నీ చూసి, నచ్చిన ఒకదాన్ని ఆట నుంచి శాశ్వతంగా తీసేయొచ్చు. ఆయన చేతిలో ఇనుప తలుపు ఉంది, వరద ఉంది, తాబేలు ఉంది. బుర్రున్నవాళ్ళెవరైనా తలుపు తీసేస్తారు. పిల్ల వేలు తలుపు మీద ఒక క్షణం ఆగి, ముందుకి జరిగి, తాబేలు మీద పడింది.

"అదా?" అన్నాడాయన, పైకే.

"అదే."

ఆయన లోలోపల నవ్వుకున్నాడు. పసితనం, ఇంకా ఆట రాలేదు అనుకున్నాడు. తరవాత చీమలు వచ్చాయి, వరదలు వచ్చాయి. మూడు వరదలూ అయిపోయేసరికి ఆయనకి మూడంటే మూడే ప్రాణాలు మిగిలాయి. పిల్ల తొమ్మిది చీమలు బారుగా పేర్చింది. అప్పుడు ఆయన ఇనుప తలుపు వేశాడు. "ఆగమ్మడూ" అన్నాడు. వేసి, కుర్చీలో వెనక్కి వాలాడు. ఇక చీమల పప్పులుడకవు. దాన్ని బద్దలుకొట్టే కార్డేదైనా పిల్ల వేస్తే ఆపడానికి చేతినిండా రద్దు కార్డులున్నాయి.

పిల్ల ఏమీ వేయలేదు. "నీ వంతు" అంది.

ఆయన రెండు కార్డులు తీశాడు. తనూ వేసేదేమీ లేదు. "నీ వంతు."

పిల్ల ఒక కార్డు తీసి, చూసి, చేతిలో పెట్టుకుంది. "నీ వంతు."

అలా తొమ్మిది వంతులు జరిగాయి. బల్ల మీద ఏదీ కదల్లేదు. ఆయన చేతిలో రద్దు కార్డులు విసనకర్రలా విచ్చుకున్నాయి, కానీ అవతలి మనిషి ఏమీ వేయకపోతే ఏం రద్దు చేస్తాడు? ఎవరిని ఆగమంటాడు? పక్క బల్లలవాళ్ళు ఆట ముగించుకుని వచ్చి నిలబడ్డారు. అప్పుడు ఆయన మామూలుగా తాబేలు కోసం డెక్కు వైపు చూశాడు. తాబేలు లేదు. రెండోది ఇంట్లో ఉప్పు డబ్బా కింద ఉంది.

డెక్కు సన్నగా ఉంది. చాలా సన్నగా ఉంది. ఆయన వేలితో దాని అంచు తడిమాడు.

"పద్నాలుగు నాన్నా" అంది పిల్ల. కళ్ళు పైకెత్తలేదు. "నాకు ఇరవై పైనే ఉన్నాయి."

ఆటలో ఒక నియమం ఉంది. తీయాల్సిన వంతులో తీయడానికి కార్డు లేనివాడు ఓడిపోయినట్టు. ఆయన వంతుకి రెండు తీస్తున్నాడు, పిల్ల ఒకటి తీస్తోంది. తలుపు తీసేస్తే తొమ్మిది చీమలూ లోపలికొస్తాయి, మూడు ప్రాణాలూ పోతాయి. తలుపు ఉంచుకుంటే ఏడు వంతులు, ఎనిమిదో వంతుకి కార్డు లేదు. ఎవరూ లోపలికి రాకుండా బిగించుకున్న తలుపు వెనక తనే ఉండిపోయాడు.

"రెండోది లేదని ఎలా తెలుసు?"

"పొద్దున ఉప్పేసుకున్నాగా" అంది పిల్ల.

ఆయన గడియారం వైపు చూశాడు. ఏడు నిమిషాలు.

ఏడు నిమిషాలు, ఏడు వంతులు. వంతుకి ఒక్క నిమిషం ఆలోచిస్తే చాలు, గడియారం సున్నాకొస్తుంది, డ్రా అవుతుంది. చివరి ఎనిమిదిలో తనుంటాడు. పిల్ల ఉండదు. సోమవారం గడిచిపోతుంది. స్తంభం ఉండదు, తాడు ముడి ఉండదు. మోసమా అంటే మోసం కాదు. చేతినిండా కార్డులున్న మనిషి ఒక నిమిషం ఆలోచిస్తే తప్పుపట్టే జడ్జి ఎక్కడుంటాడు? పదకొండేళ్ళలో ఆయన్ని తొందరపెట్టిన జడ్జి లేడు. వారంలో మిగతా రోజులు బళ్ళో లెక్కలు చెప్పే మాస్టారే ఇక్కడ జడ్జి. ఆయన పక్కనే చేతులు కట్టుకుని నిలబడి, "కానివ్వండి మావయ్యా" అన్నాడు, మర్యాదగా.

ఆగు మావయ్య రెండు కార్డులు తీశాడు. వాటిని చేతిలో సర్దాడు. ఒకటి అటు మార్చాడు, ఇటు మార్చాడు. పిల్ల చీమ కార్డొకటి వేలితో చూపించి, "ఇదేం చేస్తుంది?" అని అడిగాడు. ఆ కార్డుని పదేళ్ళ కిందట దానికి కొనిచ్చింది తనే. పిల్ల ఓపిగ్గా చదివి వినిపించింది. నిమిషం గడిచింది. "నీ వంతు" అన్నాడు.

పిల్ల రెండు సెకన్లలో ముగించింది. "నీ వంతు."

మళ్ళీ రెండు తీశాడు. మళ్ళీ సర్దాడు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. పిల్ల చెయ్యెత్తి జడ్జికి ఫిర్యాదు చేయొచ్చు. చేయలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. చిన్నప్పటి నుంచీ అంతే, ఏడుపు ఆపుకుంటే దానికి చెవులు ఎర్రబడతాయి. తనేం చేస్తున్నాడో దానికి తెలుసు. తెలుసన్న సంగతి ఆయనకీ తెలుసు. ఆయనకి సిగ్గేసింది, అయినా చేతులు తొందరపడలేదు. ఆ చేతులకి ఒక్కటే తెలుసు, ఇంకొక్కసారి చూడు, ఇంకొక్కసారి చూడు.

"ఐదు నిమిషాలుంది నాన్నా" అంది పిల్ల.

అందులో నిష్ఠూరమేమీ లేదు. గోడ మీద ఉన్నది చదివిందంతే. కానీ ఆయన తలెత్తాడు. పిల్ల కుర్చీలోనే బాసింపట్టు వేసుకుంది, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. తలుపు తట్టడం లేదు, అరవడం లేదు. లెక్కపెట్టుకుంటూ కూర్చుంది, అంతే. ఆ రోజు నలభై నిమిషాలూ అలాగే కూర్చుంది, నాన్న ఐదన్నాడు కాబట్టి. ఇవాళ ఆయన రాకపోతే ఆ తలుపు తీసేవాళ్ళు ఇంకెవరూ లేరు.

భయం పోలేదు. పోయిందని చెబితే అది కట్టుకథ అవుతుంది. నాలుగో అంతస్తు, అన్నయ్య సంచి, ఆ చప్పుడు, అన్నీ అక్కడే ఉన్నాయి. ఆయన వాటన్నిటినీ అలాగే ఉంచుకుని, చేతిలో కార్డులన్నీ బల్ల మీద బోర్లించేశాడు.

"నీ వంతు" అన్నాడు.

పిల్ల కళ్ళెత్తి చూసింది. ఒక కార్డు తీసింది. "నీ వంతు."

రెండు. "నీ వంతు." ఒకటి. "నీ వంతు." రెండు. చూడకుండానే తీశాడు. చుట్టూ నిలబడ్డవాళ్ళకి ఏం జరుగుతోందో అర్థమై గుసగుసలు ఆగిపోయాయి. ఆగు మావయ్య ఇంత తొందరగా ఆడటం ఎవరూ ఎరగరు. నాలుగు నిమిషాల చిల్లర మిగిలి ఉండగానే ఆఖరి రెండు కార్డులూ తీసేశాడు. పిల్ల తన ఒకటి తీసి, "నీ వంతు" అంది.

డెక్కు ఉండాల్సిన చోట నీలం గుడ్డ ఉంది. ఆయన అక్కడ చెయ్యి పెట్టాడు, పెట్టి కాసేపు ఉంచాడు. "లేవు" అన్నాడు.

జడ్జి ఫలితం చీటీ ఇచ్చాడు. ఇద్దరూ సంతకాలు పెట్టాలి. పిల్ల పెట్టింది, ఆయన పెట్టాడు. జడ్జి పెన్ను కోసం చెయ్యి సాచితే ఆయన ఇవ్వలేదు.

"ఆ ఫారం తెచ్చావా?"

పిల్ల సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. ఆయన ఫొటో ఉన్న వైపు చూడకుండా తిప్పి, ముందు నుంచి చదివాడు. సంతకం చోట సంతకం పెట్టాడు. సంబంధం అన్నచోట తండ్రి అని రాశాడు.

"స్తంభం ఎత్తెంత?"

"ఎనభై మీటర్లు."

"లోపల లిఫ్టుంటుందా?"

"కొన్నిటికి ఉంటుంది. లేనివాటికి నిచ్చెనే."

"నిచ్చెనే మేలు" అన్నాడు. "లిఫ్టున్నా సరే, నిచ్చెనే ఎక్కు. ముడి నువ్వే వేసుకో. వేశానని ఎవడన్నా నమ్మకు. నేను వేశానన్నా నమ్మకు."

"అలాగే నాన్నా."

అవతల జడ్జి చివరి ఎనిమిది మందిని పిలుస్తున్నాడు. పిల్ల లేచి నిలబడింది, కానీ ఫారం ఇంకా ఆయన చేతిలోనే ఉంది. అట్టడుగున ఒక గడి ఖాళీగా మిగిలింది. ప్రమాదం జరిగితే కబురు చేయవలసిన ఫోను నంబరు. ఆయన పెన్ను అక్కడ ఆగిపోయింది. ఇరవై నాలుగేళ్ళుగా ఊళ్ళో ఎవరికి ఆపదొచ్చినా మోగే ఫోను ఆయన జేబులోనే ఉంది.

తన సొంత నంబరు రాశాడు. దాని పక్కన ఖాళీలో, అంకెలు చిన్నవి చేసి, కంపెనీ నంబరు కూడా రాశాడు.

పిల్ల వంగి చూసింది. "ఒకటి చాలు కదా నాన్నా."

"ఒకటి ఎత్తకపోతే?" అన్నాడు. రాసిన అంకెలు మొదటి నుంచి వేలుపెట్టి సరిచూసుకున్నాడు, మళ్ళీ చూసుకున్నాడు. మూడోసారి చూడబోయి, ఫారం పిల్ల చేతికిచ్చేశాడు.